చెప్పులు విప్పని ధ్యానం

మా ఆయన దీక్ష పుచ్చుకున్నాడన్న మాట వీధిలో ఎవరు పుట్టించారో నాకు బాగా తెలుసు. మా కింది వాటాలో ఉండే మంగాయమ్మగారు. ఆవిడకీ నాకూ పగేమీ లేదు. పాలు తోడు పెట్టడానికి మజ్జిగచుక్క కావాలంటే గిన్నె పట్టుకుని నేనే ఆవిడ గుమ్మంలో నిలబడతాను. కానీ ఒక మనిషి కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకున్నంత మాత్రాన అతనికి దేవుడు పూనాడని వీధంతా చాటితే ఒళ్లు మండదా? అందుకే జరిగింది జరిగినట్టు చెబుతాను. ఇందులో దేవుడు లేడు, స్వామీజీ లేడు, మహిమ అసలే లేదు. ఉన్నదల్లా మా ఆయన నీలకంఠం, అతను నడిపే క్రేను, ఒక బీపీ మిషను. మధ్యలో నేను, కుసుమకుమారిని.

మేముండేది వైజాగ్ వన్ టౌన్‌లో, హార్బరుకి దగ్గర. మా ఆయనది చీపురుపల్లి దగ్గర పల్లె. వాళ్లింట్లో అందరూ నాగలి పట్టినవాళ్లే. ఇతనొక్కడూ పోర్టులో కలాసీగా చేరి, తాళ్లు లాగి, గొలుసులు మోసి, చివరికి క్రేను ఆపరేటరయ్యాడు. ఓడ పక్కన పట్టాల మీద నిలబడే పెద్ద క్రేను అతనిది. స్టీలు రేకుని చుట్ట చుట్టి పంపిస్తారు కదా, ఆ చుట్టల్ని ఒడ్డు మీంచి ఎత్తి ఓడ కడుపులోకి దించుతాడు. ఇంట్లో పచ్చడి సీసా మూత తియ్యమంటే సీసానే పగలగొట్టే మనిషి, అక్కడ ఏనుగంత ఇనపచుట్టని చంటిపిల్లని ఉయ్యాల్లో వేసినట్టు దించుతాడట. ఈ మాట చెప్పింది మా తమ్ముడు గోపి. కింద నిలబడి చేతులూపుతూ, వాకీటాకీలో చెబుతూ, మా ఆయనకి దారి చూపించే సిగ్నల్‌మన్ వాడే.

నేల మీద నలుగురిలో నిలబడితే మా ఆయనకి నోరు పెగలదు. పెళ్లిళ్లలో కూడా గోడవారన కూర్చుంటాడు. అదే కేబిన్‌లోకి ఎక్కాడా, వేరే మనిషి. అక్కణ్ణించి ఓడలు వచ్చే దారి, అవతల డాల్ఫిన్స్ నోస్ కొండ, ఇవతల ఊరు, అన్నీ కనిపిస్తాయట. "కింద నాను ఎవలికీ కనబడను కుసుమా. పైకెక్కితే అందరూ నా సెయ్యి వైపే సూత్తారు" అని ఒకసారి అన్నాడు. అంత పొడుగు మాట అతని నోట రావడం అరుదు కాబట్టి నాకు గుర్తుండిపోయింది.

పోర్టులో క్రేను నడిపేవాళ్లకి ఏడాదికోసారి ఆరోగ్య పరీక్ష ఉంటుంది. చూపు, చెవులు, షుగరు, బీపీ. అన్నీ బాగుంటే 'ఫిట్' అని రాస్తారు. ఆ మాట లేకపోతే నిచ్చెన ఎక్కనివ్వరు. పోయిన వేసవిలో మా ఆయన వెళ్తే బీపీ ఎక్కడికో పోయింది. కొంచెం కూర్చోబెట్టి చూశారు, ఇంకా పెరిగింది. డాక్టరు మంచిగానే చెప్పాడు. మందులు వాడండి, మూడు నెలలు కింద పని చెయ్యండి, మళ్లీ చూస్తాం, అప్పటికీ తగ్గకపోతే ఇక క్రేను ఎక్కడం కుదరదు అన్నాడు. తప్పు డాక్టరుది కాదు. అంత ఎత్తున, అంత బరువు చేతిలో పెట్టుకుని ఎవరైనా కళ్లు తిరిగి పడితే కింద ఉండేది మా తమ్ముడే కదా.

అలా మా ఆయన్ని గోదాము షెడ్డులో సరుకు చూసుకునే పనికి వేశారు. జీతం అదే, కష్టం తక్కువ, నీడపట్టున కుర్చీ. ఇంకొకడైతే ఎగిరి గంతేసేవాడు. ఇతను మాత్రం రోజురోజుకీ కుంగిపోయాడు. ఇంటికొచ్చి గోడ వైపు తిరిగి పడుకునేవాడు. అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉండేవాడు, నోట్లో పెట్టుకునేవాడు కాదు. ఏమయిందని అడిగితే, "నా క్రేను ఎవలో నడుపుతన్నారు. లోడు ఊపేత్తన్నారు. సూడ్నేకపోతన్నాను" అనేవాడు. నాకు భయమేసింది. దాచుకోవడమెందుకు, చాలా భయమేసింది. నాకు భయం వస్తే అది కోపంలా బయటికొస్తుంది. ఆ రోజుల్లో గిన్నెలన్నీ చప్పుడు చేస్తూనే కడిగాను.

మందులు వేళకి వేశాను. ఉప్పు తగ్గించాను. ఆవకాయ జాడీ అటక ఎక్కించాను. చేతికి పట్టీ చుట్టే బీపీ మిషనొకటి కొన్నాం. పొద్దున్నే అతనే చుట్టుకుని, అతనే మీట నొక్కుకుని చూసుకుంటే బ్రహ్మాండంగా ఉండేది. అదే డాక్టరు దగ్గరికి వెళ్లి చూపించుకుంటే మళ్లీ ఆకాశానికి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మా ఆయన ఇంట్లో రోజూ గెలుస్తున్నాడు, రచ్చకెళ్లి ఓడిపోతున్నాడు.

"మందులు పనిచేస్తున్నాయండీ" అన్నాడు డాక్టరు. "నా దగ్గరికి వచ్చేసరికే మీకు పెరుగుతోంది. మందులు మానకండి. దాంతోపాటు కుదురుగా కూర్చోవడం నేర్చుకోండి. ధ్యానంలాంటిది. ద్వారకా నగర్‌లో ఆశాజ్యోతిగారని ఒకావిడ నేర్పుతారు. పూజలూ అవీ ఏం ఉండవు."

ద్వారకా నగర్‌లో, బ్యాంకు పరీక్షలకి తయారుచేసే కోచింగ్ సెంటరొకటి ఉంది. దాని పైఅంతస్తులో ఆవిడ క్లాసు. ఆశాజ్యోతిగారిది భీమవరం వైపు. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. మధ్యలో కొన్నేళ్లు నిద్ర పట్టక అల్లాడిపోయి ఈ విద్య నేర్చుకున్నారట, ఇప్పుడు పదిమందికి చెబుతున్నారు. గదిలో ప్లాస్టిక్ కుర్చీలు, రెండు ఫ్యాన్లు. గోడల మీద ఒక్క పటం లేదు. కిటికీలోంచి ఆర్టీసీ కాంప్లెక్సు బస్సుల హారన్లు, కింద నుంచి లెక్కలు చెప్పే మేష్టారి కేకలు. మా ఆయన అలవాటు ప్రకారం గుమ్మం బయటే చెప్పులు విప్పాడు.

"వేసుకునే రండి నీలకంఠంగారూ, పరవాలేదు" అన్నారావిడ.

మా ఆయన అక్కడే నిలబడిపోయాడు. చెప్పులతో ధ్యానమేమిటని అతనికి అనుమానం. నాకూ అనుమానమే.

"మరి దండం ఎవలికి ఎట్టాలండి?" అని అడిగాడు.

"ఎవరికీ పెట్టక్కర్లేదు."

"మంత్రమేటండి?"

"అదీ లేదు. ఊపిరి వస్తుంది, పోతుంది. అది గమనిస్తూ కూర్చోవడమే. మనసు ఎటో వెళ్లిపోతుంది. వెళ్లిపోయిందని తెలియగానే మళ్లీ ఊపిరి దగ్గరికి తెచ్చుకోండి."

"మళ్లీ ఎల్లిపోతేనండి?"

"మళ్లీ తెచ్చుకోండి."

మా ఆయన నా వైపు చూశాడు. ఇంతోటి దానికి రెండు బస్సులు మారి వచ్చామా అన్నట్టుంది ఆ చూపు. నేను మాత్రం కూర్చోమని కళ్లతోనే గదమాయించాను. పాపం, చెప్పులు వేసుకునే లోపలికొచ్చాడు, తప్పు చేసినవాడిలా కాళ్లు కుర్చీ కిందికి దాచుకున్నాడు.

ఇంట్లో కూర్చోవడం మొదలుపెట్టాడు. చోటు ఎక్కడంటారా? వాషింగ్ మిషను పక్కన. ఫ్యాను గాలి బాగా తగిలేది అక్కడే. మొదటిరోజు కళ్లు మూసుకుని ఎంత నిశ్చలంగా ఉన్నాడంటే, అబ్బ, మొదటిసారికే కుదిరిందే అని మురిసిపోయాను. తర్వాత గురక వినిపించింది.

"గురక ధ్యానమేటండీ ఇది?" అని లేపాను.

రెండోరోజు నిద్రపోకుండా కూర్చున్నాడు గానీ, లేచేసరికి మొహం కందగడ్డలా ఉంది. ఏమైందంటే, "ఊపిరి సూద్దారని కూకుంటానా, అంతలోకే షెడ్డు సూపర్‌వైజరు గుర్తొత్తాడు. ఆడు ఒక మాటంటాడు. నానొక మాటంటాను. ఆడితో దెబ్బలాట అయ్యేసరికి టైమైపోద్ది" అన్నాడు. కూర్చున్నచోటే కూర్చుని దెబ్బలాడి వచ్చే మనిషిని నేనెక్కడా చూడలేదు.

ఇదంతా మంగాయమ్మగారి కంట పడింది. మేడ మీద వడియాలు ఆరబెట్టుకోవడానికి వెళ్తూ, మా కిటికీలోంచి చూసింది. ఆ సాయంత్రమే అరటిపళ్లతో వచ్చింది.

"పడమర ముకం పెట్టి కూకోబెట్టేవేటమ్మా కుసుమా? తూరుపు తిరగాల. కనుబొమల మద్దెన వెలుగేదైనా కనబడ్డాదేటి?"

"నేదండి. మాకు పొద్దున్నుంచి కరెంటే నేదు" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. అరటిపళ్లు అతని కుర్చీ ముందు పెట్టి, కుర్చీకి దండం పెట్టి వెళ్లింది. కుర్చీ మీద అప్పుడు ఆరేసిన నా లంగా ఉంది.

అక్కడితో ఆగితే బాగుండేది. జాలరిపేట నుంచి చిట్టమ్మ బుట్ట నెత్తిన పెట్టుకుని మా వీధికి చేపలు తెస్తుంది. ఎన్నో ఏళ్లుగా మా గుమ్మంలో బుట్ట దించందే ముందుకి కదలదు. అలాంటిది ఉన్నట్టుండి మా ఇంటి ముందుకి వచ్చేసరికి కేక ఆపేసి, చీర చెంగు బుట్ట మీద కప్పేసి, గబగబా దాటిపోవడం మొదలెట్టింది. కొన్నాళ్లు చూశాను. ఒకరోజు వీధిలో అడ్డంగా నిలబడ్డాను.

"ఏటే చిట్టమ్మా, మా గుమ్మం నీ కంటికి ఆనడం నేదేటి?"

"అదేటమ్మా, అయ్యగోరు దీచ్చలో ఉన్నారు గదా. సేపలబుట్ట ఎదురొత్తే నాకు పాపం తగలదేటి? మంగాయమ్మగోరు సెప్పినారు."

"దీచ్చా నేదు, గీచ్చా నేదు. బీపీ. బుట్ట దించు."

మంచి వంజరం ముక్కలు తీసుకున్నాను. కావాలనే కిటికీలన్నీ తెరిచి, వాసన కింది వాటాలోకి వెళ్లేలా వేయించాను. అనుకున్నట్టే మంగాయమ్మగారు మెట్లెక్కి వచ్చింది.

"ధ్యానం సేసే ఇంట్లో సేపలేటమ్మా?" అంది, గుమ్మంలోనే ఆగిపోయి.

నేను జవాబు చెప్పేలోపే వాషింగ్ మిషను పక్క నుంచి, మూసిన కళ్లు మూసినట్టే ఉంచి, మా ఆయన పలికాడు. "మనసు సేపల మీదికి ఎల్లిపోనాది కుసుమా. తెచ్చుకుంటన్నాను. అడుగంటకుండా సూడు."

నవ్వుకోవడానికి బాగానే ఉంది. కానీ ఆ వారమే డాక్టరు దగ్గరికెళ్లి చూపించుకుంటే మళ్లీ పాత పాటే. బీపీ ఒక్క మెట్టు కూడా దిగలేదు. ఇంటికొచ్చి కుర్చీని వాషింగ్ మిషను పక్క నుంచి తీసి మూలన పడేశాడు.

"ఇంక నా వల్ల కాదు. ఆ షెడ్డులోనే ముసలోణ్ణైపోతాను. ఒగ్గీ."

"ఒగ్గేయడానికి అది మీ ఒక్కరి క్రేనేటి?" అని అరిచాను. ఏం మాట్లాడుతున్నానో నాకే తెలియదు. "మీరిలగ గోడకేసి తిరిగి పడుకుంటే నానెవలితో మాటాడాల? ఎవలితో దెబ్బలాడాల? పరీచ్చ ఇంకా అవనేదు. అయ్యేదాకా కూకుంటారు, అంతే." అలా అన్నాక వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను. అతను వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

ఆ ఆదివారం గోపి వచ్చాడు. నాకో ఉపాయం తట్టింది. పరీక్షకి ముందు పిల్లలకి మోడల్ టెస్టులు పెడతారు కదా, మనమూ ఒకటి పెడదామన్నాను. దండెం మీది తెల్ల తువ్వాలు భుజాల మీద కప్పుకుని నేను డాక్టరునయ్యాను. గోపి వరసలో నిలబెట్టే మనిషి. "నీలకంఠం, లోపలికి రావాలి" అని వాడు గంభీరంగా పిలిచాడు. మా ఆయన నవ్వుతూనే వచ్చి కూర్చున్నాడు. నేను పట్టీ చుట్టి మీట నొక్కాను. మిషను గుర్రుమంది. చూద్దును కదా, డాక్టరు దగ్గర ఎంత వస్తుందో ఇంచుమించు అంతే వచ్చింది. తువ్వాలు కప్పుకున్న నన్ను చూసి బీపీ పెరిగిందంటే నాకే ఆశ్చర్యం.

"అక్కా, నిన్ను సూత్తే ఎవలికైనా పెరుగుద్ది" అన్నాడు గోపి. వాణ్ణి కసిరి, రెండోసారి నొక్కాను. ఈసారి నేను మిషను వైపు చూడలేదు, మా ఆయన వైపు చూశాను. పట్టీ బిగుసుకోవడం మొదలవగానే అతని పెదాలు గట్టిగా మూతపడ్డాయి. మెడ నరాలు లేచాయి. చొక్కా గుండీలు పైకీ లేవడం లేదు, కిందికీ దిగడం లేదు. పట్టీ వదులయ్యాక, నేను "అయింది" అన్నాక, అప్పుడు ఉఫ్ మని ఊదాడు.

"ఊపిరి ఎందుకు బిగబడతన్నారు?" అన్నాను.

"నానెక్కడ బిగబట్టేను?"

"ఇప్పుడే. నా కళ్లతో సూసేను."

గోపి నవ్వడం మానేశాడు. "ఓర్నాయినో. బావ లోడు దించినప్పుడు అలగే సేత్తాడక్కా. నాను ఆఖరి సిగ్నల్ ఇచ్చి, హుక్కు ఒగ్గీసేక, వాకీటాకీలో ఉఫ్ మని ఇనబడతాది. రోజూ ఇనేదే. ఎప్పుడూ పట్టించుకోనేదు."

మా ఆయన తన చేతుల్ని చూసుకున్నాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. అతనికి క్రేను నేర్పింది దేవీప్రసాద్ అని ఒక పాత ఆపరేటరు. లోడు అడుగు తాకేదాకా ఊపిరి తియ్యకు, తీస్తే చెయ్యి కదులుతుంది అని మొదటిరోజే చెప్పాడట. ఆ మాట ఇతని ఒంట్లోకి ఇంకిపోయింది. లోడు కిందికి దిగుతోందంటే ఊపిరి ఆగిపోవడం, కింది మనిషి సైగ చేసేదాకా ఆగే ఉండడం, ఇన్నేళ్లుగా అదే అలవాటు. తనంతట తను మీట నొక్కుకుంటే ఏ ఇబ్బందీ లేదు. ఎదుటి మనిషి చేతిలోకి తన చెయ్యి వెళ్లిందంటే చాలు, ఇక వాళ్లు "అయింది" అనేదాకా లోడు గాలిలో ఉన్నట్టే ఇతనికి. డాక్టరు కొంచెం ఆగి మళ్లీ చూస్తే మళ్లీ బిగబట్టేవాడు. ఇలాంటి తప్పు క్రేను నడిపేవాళ్లు తప్ప ఇంకెవరు చేస్తారు చెప్పండి.

మర్నాడే ద్వారకా నగర్ వెళ్లాం. విషయమంతా నేనే చెప్పాను, అతను తలూపుతూ కూర్చున్నాడు. ఆశాజ్యోతిగారి మొహం వెలిగిపోయింది.

"మంచి పని చేశారు. ఇన్నాళ్లూ ఆపుతున్నారని మీకే తెలియదు, ఇప్పుడు తెలిసింది. బలవంతంగా ఏమీ చెయ్యొద్దు. ఆగినప్పుడు, అరె ఆగింది అనుకుని వదిలేయండి. పట్టుకోవడానికి ఆసరా కావాలంటే లోపలికి ఒక మాట, బయటికి ఒక మాట అనుకోండి. మీకు అలవాటైన మాటలు ఏవైనా సరే."

మా ఆయన సిగ్గుపడుతూ అడిగాడు. "హాబీస్, ఆరియా అనుకోవచ్చాండి?"

క్లాసులో వెనక కూర్చున్న పెద్దాయనొకరు ముందుకి వంగి, "అవి ఏ దేవతల పేర్లండీ?" అన్నారు భక్తిగా.

దేవతలూ కాదు, ఏమీ కాదు. రేవులో లోడు పైకెత్తాలంటే "హాబీస్" అని కేకేస్తారు, దించాలంటే "ఆరియా" అంటారు. ఎప్పటి మాటలో, ఎక్కడి మాటలో అక్కడివాళ్లకే తెలియదు. అది వివరించి చెప్పేసరికి ఆశాజ్యోతిగారు కళ్లనీళ్లొచ్చేలా నవ్వారు. "దివ్యంగా అనుకోండి" అన్నారు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో వరస మారింది. కుర్చీ మళ్లీ వాషింగ్ మిషను పక్కకి చేరింది. లోపలికి హాబీస్, బయటికి ఆరియా. ఇరవై ఏళ్లకి పైగా విన్న మాటలు కదా, వాటి మీద మనసు నిలబడడం అతనికి తేలికైంది. నిద్ర రావడం తగ్గింది. బస్సులో నిలబడి చేసుకునేవాడు. షెడ్డులో భోజనాల వేళ గోనెబస్తాలకి ఆనుకుని చేసుకునేవాడు. గోపి వచ్చినప్పుడల్లా తువ్వాలు కప్పుకుని మోడల్ టెస్టు పెట్టేదాన్ని. కొన్నిసార్లు పెదాలు మూతపడిపోయేవి. "ఊపిరి ఒగ్గీ బావా" అని గోపి అనేవాడు. తర్వాత తర్వాత అనాల్సిన అవసరం రాలేదు.

ఒకరోజు అడిగాను, ఇప్పుడా సూపర్‌వైజరు రావడం లేదా అని.

"ఎందుకు రాడు, వత్తాడు. వచ్చి నిలబడతాడు. నాను పలకను. కాసేపుండి ఆడే ఎల్లిపోతాడు" అన్నాడు. ఆ రోజు అన్నం రెండోసారి పెట్టించుకున్నాడు. నాకైతే అప్పుడే పండగలా అనిపించింది, పరీక్ష ఇంకా కాకపోయినా.

పరీక్ష రోజు రానే వచ్చింది. ఆస్పత్రి వసారా నిండా ఆపరేటర్లు. ఒకడి తర్వాత ఒకణ్ణి పిలుస్తున్నారు. మా వంతు వచ్చేసరికి ఎండ నడినెత్తికెక్కింది. లోపల ఈసారి వేరే డాక్టరు, చాలా హడావిడిగా ఉన్నాడు. ఆడవాళ్లు బయటుండాలని గుమ్మం దగ్గర అటెండరు అన్నాడు. నేను వినిపించనట్టు లోపలికెళ్లి గోడకి ఆనుకుని నిలబడ్డాను. మా ఆయన కూర్చున్నాడో లేదో, డాక్టరు పట్టీ చుట్టి రబ్బరు బుడ్డి నొక్కేశాడు.

"ఎక్కువుందే" అన్నాడు. చేతిలో పెన్ను కాగితం మీదికి వంగింది.

నాకు భయమేసింది. ఆ మరుక్షణం కోపం తన్నుకొచ్చింది. మనిషిని కూర్చోనివ్వకుండానే చూసేస్తారా అని నోటిదాకా వచ్చిన మాట వచ్చినట్టే ఉంది, ఇంతలో మా ఆయన నా వైపు చెయ్యెత్తాడు. అరచెయ్యి నా వైపు పెట్టి, కదలకుండా. పనిలో ఆగమనడానికి గోపి చూపించే సైగ అది. నేను ఆగిపోయాను.

"అయ్యా" అన్నాడు డాక్టరుతో. "పొద్దున్నుంచి నిలబడే ఉన్నానండి. ఇలగ కాసేపు కూకుంటాను. ఇంకోసారి సూడండి."

నలుగురిలో నోరు పెగలని మనిషి, గదినిండా జనం ఉండగా, డాక్టరు కళ్లలోకి చూసి అడిగాడు. డాక్టరు పెన్ను పక్కన పెట్టాడు. "సరే, ఆ బల్ల మీద కూర్చోండి. ఈలోగా మరొకళ్లని చూస్తాను" అన్నాడు.

మా ఆయన బల్ల మీద నడుము నిటారుగా పెట్టి కూర్చున్నాడు. చెప్పులు కాళ్లకే ఉన్నాయి. కళ్లు మూసుకున్నాడు. గుమ్మం దగ్గర నిలబడ్డ సన్యాసిరాజు అనే ఆపరేటరు పక్కవాడితో, "ఏ సామినో తలుసుకుంటన్నాడు" అని గుసగుసలాడాడు. ఇంకొకడు కిసుక్కున నవ్వాడు. మా ఆయనకి వినబడే ఉంటుంది. అతని కనురెప్ప కదలలేదు. ఎవరిదో ఫోను మోగింది. అటెండరు చేతిలోంచి ఇనప పళ్లెం జారి గచ్చు మీద ఖంగుమని పడింది. నేను ఉలిక్కిపడ్డాను. మా ఆయన చొక్కా గుండీలు పైకి లేచాయి, కిందికి దిగాయి. మళ్లీ లేచాయి, మళ్లీ దిగాయి.

డాక్టరు పిలిచాడు. చెయ్యి చాపించి పట్టీ చుట్టాడు. బుడ్డి నొక్కుతుంటే పట్టీ ఉబ్బుతోంది. నేను మా ఆయన పెదాలనే చూస్తున్నాను. అవి మూతపడబోయి, ఆగి, విడిపోయాయి. ఆ విడిపోయిన పెదాల మధ్య నుంచి ఊపిరి వెళ్లింది, వచ్చింది, మళ్లీ వెళ్లింది. పట్టీ బిగుసుకునే ఉంది, అతను ఊపిరి తీస్తూనే ఉన్నాడు. నాది మాత్రం ఆగిపోయింది.

డాక్టరు అంకె చూసి కనుబొమలు ముడేశాడు. రెండో చేతికి చుట్టి మళ్లీ చూశాడు. చెవుల్లోంచి గొట్టాలు తీసి మెళ్లో వేసుకున్నాడు.

"ఇందాకటికీ ఇప్పటికీ ఏం చేశారండీ?"

"ఊపిరి తీసుకున్నానండి" అన్నాడు మా ఆయన.

డాక్టరు నవ్వాడు. మందులు మాత్రం మానొద్దని మళ్లీ చెప్పాడు. కాగితం మీద 'ఫిట్' అని రాసి సంతకం గీకాడు. నాకు చదవడం బాగానే వచ్చు, అయినా ఆ రెండక్షరాలు సరిగ్గానే ఉన్నాయా అని డాక్టరు భుజం మీంచి వంగి మరీ చూశాను. అప్పుడు అటెండరు నన్ను బయటికి తోలేశాడు. పొమ్మంటే పోనూ, ఎగురుకుంటూ పోయాను. వసారాలో మా ఆయన చెయ్యి పట్టుకున్నాను. పెళ్లైనప్పటి నుంచీ నలుగురిలో అతని చెయ్యి పట్టుకున్నది అప్పుడే.

మర్నాడు పొద్దుటి డ్యూటీకి వెళ్తూ కొత్త చొక్కా అడిగాడు. తీసిచ్చాను. అతను వెళ్లాక ఇంట్లో నిలవలేక మేడెక్కాను. మా మేడ మీంచి హార్బరు క్రేన్లన్నీ కనిపిస్తాయి. ఏది ఎవరిదో ఇంత దూరం నుంచి చెప్పలేం. గోపి ఫోను చేశాడు. "అక్కా, బావ ఎక్కేడు. మాది ఎడం పక్కనుంచి రెండోది. మొదటి సుట్ట లేపుతన్నాం, ఉంటాను" అని పెట్టేశాడు.

పిట్టగోడ మీదికి వంగి వీధిలోకి కేకేశాను. "మంగాయమ్మగారూ, చిట్టమ్మా, పైకి రండి, మా ఆయన్ని సూద్దురు గాని." చిట్టమ్మ బుట్ట మెట్ల దగ్గరే దించి పరుగెత్తుకొచ్చింది. మంగాయమ్మగారు మోకాళ్లు పట్టుకుంటూ వెనకాలే వచ్చింది. ముగ్గురం ఎండకి చేతులు అడ్డం పెట్టుకుని నిలబడ్డాం. ఎడమ పక్క నుంచి రెండో క్రేను చెయ్యి నెమ్మదిగా లేచింది. దాని కొసన వేలాడుతున్న చుట్ట ఒక్క ఊపు ఊగకుండా ఓడ మీదికి జరిగింది, కిందికి దిగింది.

మంగాయమ్మగారు రెండు చేతులూ జోడించి ఆ క్రేనుకి దండం పెట్టింది. నాకు కోపం రాలేదు. పెట్టుకోనీ. పైనున్నది మా ఆయనే.